తల్లి తరువాత ఎవరు?

మన ప్రాంతమునకు మిషనరీలు వచ్చినది మొదలు బడులు, ఆసుపత్రులు, వసతి గృహములు ఎట్లు వెలసినవో ఇట్టి సంచికలలో పెద్దలు వ్రాయుచుందురు. మేము మాత్రము ఆ బడులలో చేరనివారిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి. ఆకివీడులో కెనడా బాప్టిస్టు మిషను వారు ఆసుపత్రి నడిపిరి. కాని బుద్ధి ఎదుగుదల మందగించిన మనిషికి, వయసు వచ్చిన తరువాత ఆ లోపమును పోగొట్టు మందు ఆనాడు లేదు, నేడును లేదు. అట్టివారిని మన వీధులలో జాలిపడినవారు ‘అమాయకుడు’ అనిరి, ఎగతాళి చేసినవారు ‘పిచ్చోడు’ అనిరి. ఆ రెండు పేర్లలో ఏదియు వానికి చొక్కా గుండీ పెట్టుకొనుట నేర్పలేదు.

ఈ పొరపాటు మన వీధులది మాత్రమే కాదు. 1912 నాటి భారత ఉన్మాద చట్టము బుద్ధిమాంద్యము గలవారిని కూడ ఉన్మత్తుల నిర్వచనములోనే చేర్చినది. మనోవ్యాధి వేరు, దానికి చికిత్స గలదు. బుద్ధిమాంద్యము పుట్టుకతోనో పసితనమందో కలిగిన ఎదుగుదల లోపము, దానికి కావలసినది శిక్షణ. ఈ రెండింటిని చట్టములో విడదీయుటకు 75 సంవత్సరములు పట్టినది. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టమే ఆ పని చేసినది.

వీరు నేర్చుకొనగలరని 1840 ప్రాంతములో పారిస్ నగరమున ఎడ్వర్డ్ సెగ్విన్ అను వైద్యుడు పిల్లలకు చేతిపని, చూపు, నడక అభ్యాసము చేయించి చూపెను. పెద్దవారి సంగతి చాలకాలము ఎవరికిని పట్టలేదు. 1972లో అమెరికాలో మార్క్ గోల్డ్ అను ఆయన, ఏ పనికిని పనికిరారని ప్రక్కన పెట్టబడిన పెద్దవారిచేత 15 విడి భాగములు గల సైకిలు బ్రేకును బిగింపజేసిన వృత్తాంతము ప్రకటించెను. నోటితో ఎక్కువగా చెప్పలేదు. ఒక్కొక్క భాగమును వరుసలో ఉంచి, చేయిపట్టి చూపి, చేతకాగానే తన చేయి తీసివేసెను. మనలో ఎందరము సైకిలు బ్రేకు విప్పి మరల బిగింపగలమో ఆలోచించుకొనవలెను!

ఆనాడు మన రాష్ట్రములో ఉన్న హైదరాబాదునందు 1968లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ ఆరంభమైనది. 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వము జాతీయ సంస్థను స్థాపించినది. అట్టి సంస్థలలో నేర్పు పద్ధతి మన ఇండ్లలోను చేయదగినదే. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టుదురు. చొక్కా తొడుగుటలో మిగిలినదంతయు మనమే చేసి, చివరి గుండీ ఒక్కటి వానికి విడిచిపెట్టుదుము. అది వచ్చిన పిమ్మట చివరి రెండు. ఇట్లు తుదినుండి మొదటికి వచ్చినయెడల ప్రతిదినము పని ముగించిన సంతోషము వానిదే అగును. లెక్క రానివానికి పది గడులు గీసిన పలక ఇత్తురు. గడికొకటి చొప్పున పెట్టగా, గడులన్నియు నిండినచో పది వచ్చినట్లే. చేపల ట్రేలు కడిగి పదేసి చొప్పున పేర్చుట కొల్లేటి ప్రక్కన ఉన్న మనకు తెలియని పని కాదు. ఆ పలక ఉన్నచో లెక్క రానివాడును ఆ పని చేయగలడు.

1991లో సికింద్రాబాదునందు మంజులా కళ్యాణ్ గారు ఆరంభించిన ‘స్వయంకృషి’ మరియొక అడుగు ముందుకు వేసినది. అక్కడ ఇట్టి పెద్దవారు కొద్దిమంది చొప్పున ఇండ్లలో కలిసియుండి, వంట, ఇంటిపని తామే చేసికొందురు.

మేము తప్పు చేయనివారము కాము. ఒక క్రిస్మస్ ప్రేమ విందులో మన సంఘపు యువకుడొకడు నీళ్ల గ్లాసులు అందించుచు ఒకటి జారవిడిచెను. ‘నీవు కూర్చో నాయనా’ అని ముందు వరుసలో కూర్చుండబెట్టితిమి. ఆ తరువాత వానికి మరల గ్లాసు ఇచ్చినవారము కాము. మనలో ఎవరి చేతినుండి గ్లాసు జారలేదు? వాని తల్లియు అంతే. నలుబదేండ్లవానికి నేటికిని తానే తల దువ్వుచున్నది. ‘నా తరువాత వీనికెవరు?’ అని పాస్టరు గారిని అడుగునదియు ఆమెయే.

ఆ ప్రశ్నకు 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టములో కొంత జవాబు గలదు. పదునెనిమిదేండ్లు నిండగానే తల్లిదండ్రుల సహజ సంరక్షకత్వము చట్టరీత్యా ముగియును. ఈ సంగతి మనలో చాలమంది ఎరుగరు. అటుపిమ్మట సంరక్షకుని నియమించుటకు కలెక్టరు గల స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టవలెను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పటి నుండి ఆకివీడువారు ఏలూరు కాక భీమవరము పోవలెను. ముందు సదరం శిబిరములో ధ్రువపత్రము తీసికొనవలెను. ఉద్యోగముల సంగతికి వచ్చినచో, 1995 నాటి చట్టము వీరికి రిజర్వేషను వాటా ఏమియు ఇయ్యలేదు. 2016 చట్టమే మరికొన్ని వైకల్యములవారితో కలిపి నూటికి ఒకటి ఇచ్చినది.

ఈ వ్యాసము వ్రాయుటకు కూర్చున్న దినమున మేము ఆ యువకుని తల్లితో మాటలాడితిమి. రాబోవు ప్రేమ విందులో వానికి రెండేసి స్టీలు గ్లాసుల చొప్పున ఒక్క వరుస అప్పగించుటకు ఆమె ఒప్పుకొన్నది. దువ్వెన సంగతి మాత్రము ఇంకను తేలలేదు.