జట్టుకు పరుగు చాలదా? భారత ఫుట్‌బాల్ చరిత్ర చెప్పే జవాబు

ఫుట్‌బాల్ జట్టు ఓడిన మరునాడు తరచుగా వినవచ్చే మాట ఒకటుంది: "మనవాళ్ళకు పరుగు చాలలేదు." మాట చిన్నదే అయినా అందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఆటగాడు ఎంత వేగంగా పరుగెత్తగలడన్నది మొదటిది. ఆ వేగాన్ని ఆట ముగిసేదాకా ఎన్నిసార్లు తిరిగి తెచ్చుకోగలడన్నది రెండవది. వైద్యశాస్త్రం దృష్టిలో ఈ రెండూ వేర్వేరు శక్తులు. 1948 నుండి 1962 వరకు భారత జట్టు నడిచిన దారిని పరిశీలిస్తే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఆ దారిలో మన హైదరాబాదు పాత్ర చాలా పెద్దది.

1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారత జట్టు ఫ్రాన్స్‌తో తలపడింది. మనవారిలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఆట చివరి ఘట్టం దాకా స్కోరు 1-1గా నిలిచింది. ముగింపు దగ్గరపడిన వేళ ఫ్రాన్స్ మరో గోలు కొట్టి 2-1తో గెలిచింది. నాలుగేళ్ళ తరువాత హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో మనం 10-1తో ఓడిపోయాం. పాదరక్షలు లేని కాళ్ళకు నేలమీద పట్టు తక్కువ. పట్టు లేనిచోట ఎంతటి వేగగాడైనా ఒక్కసారిగా ఆగలేడు, దిశ మార్చలేడు. ఆ పరాజయం తరువాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి.

ఆ రోజుల్లో భారత జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించిన ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పును గెలుచుకుంది. రహీం సాహెబు పద్ధతిలో రెండు విషయాలు గమనించదగినవి. ఆటగాడు బంతిని తనవద్దే ఉంచుకొని విన్యాసాలు చేయడాన్ని నిషేధించి ప్రత్యేక పోటీలు నడిపేవారు. అలవాటు లేని పాదంతోనే బంతిని తన్నాలన్న నియమంతో మరికొన్ని ఆటలు ఆడించేవారు. దీని వెనుక ఉన్న తర్కం సరళమైనది. మనిషికంటే బంతి వేగంగా ప్రయాణిస్తుంది. బంతి చకచకా చేతులు మారినట్లు పాదాలు మారితే, జట్టు మొత్తం వేగంగా కదిలినట్లే. రెండు పాదాలూ సమానంగా పనిచేస్తే, అనుకూలమైన పాదం మీదికి తిరగడానికి పట్టే క్షణం మిగులుతుంది. వేగంలో సగం కాళ్ళది కాగా, మిగిలిన సగం నిర్ణయానిదని ఆయన గ్రహించారు.

ఈ శిక్షణ ఫలం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది. ఆతిథ్య ఆస్ట్రేలియాను మనం 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ సాధించాడు. సెమీఫైనల్లో మళ్ళీ యుగోస్లావియా ఎదురైంది. ప్రథమార్ధంలో ఎవరికీ గోలు రాలేదు. ద్వితీయార్ధం మొదట్లో డిసౌజా గోలుతో మనమే ముందంజ వేశాం. ఆ తరువాత పావుగంట తిరిగేలోపే ప్రత్యర్థి 3 గోల్స్ చేసింది. చివరికి ఫలితం 4-1. కాంస్య పతకం కోసం బల్గేరియాతో జరిగిన పోటీలో 3-0తో ఓడి, 4వ స్థానంతో తృప్తిపడ్డాం. ఆసియా జట్లలో అది గర్వించదగిన స్థానమే.

ఈ ఓటములకు సాధారణంగా చెప్పే కారణం ఆట నిడివి. అంతర్జాతీయ పోటీలు 90 నిమిషాలు సాగుతుండగా, మన దేశీయ పోటీలు చాలాకాలం 70 నిమిషాలకే ముగిసేవి. వారం వారం 70 నిమిషాలకు అలవాటుపడిన గుండె, కండరాలు మరో 20 నిమిషాలు అదే ధాటితో పనిచేయవన్నది నిజమే. అయితే మెల్బోర్న్‌లో మన వల కదిలిన 4 సార్లలో 3 సార్లు 70వ నిమిషానికి ముందే కదిలింది. అంటే అలసట గడియారం చూసుకొని వచ్చేది కాదు. అది కాళ్ళకే పరిమితం కాదు. చూపును, ఆలోచనను కూడా మందగింపజేయవచ్చు. డిఫెండరు ఒక్క అడుగు ఆలస్యంగా కదులుతాడు. చూసేవారికి అది వేగలోపంలా కనిపిస్తుంది.

శరీరంలో జరిగేది ఏమిటో కొంచెం తెలుసుకుందాం. నేటి ఆటగాడు ఒక మ్యాచ్‌లో సుమారు 10 నుండి 12 కిలోమీటర్లు తిరుగుతాడు. అందులో అధికభాగం నడక, మెల్లని పరుగు. పూర్తి వేగంతో తీసే పరుగులు ఒక్కొక్కటి కొద్ది సెకన్లే. ఆ కొద్ది సెకన్లకు కావలసిన శక్తి కండరంలో నిల్వ ఉండే క్రియాటిన్ ఫాస్ఫేట్ నుండి వస్తుంది. పూర్తి తీవ్రతతో పరుగెత్తితే ఆ నిల్వ దాదాపు 10 సెకన్లలో బాగా తరిగిపోతుంది. తిరిగి నిండడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ పనికి ప్రాణవాయువు కావాలి. దాన్ని అందించేవి ఊపిరితిత్తులు, గుండె, రక్తం. కనుక మొదటి పరుగు కండరాల బలం మీద ఆధారపడితే, ఇరవయ్యో పరుగు గుండె సామర్థ్యం మీద ఆధారపడుతుంది. దమ్ము అని మన పెద్దలు పిలిచినది దీనినే.

దీనికి తోడు కండరాలలో గ్లైకోజెన్ రూపంలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ఆ నిల్వ తక్కువతో మైదానంలో దిగినవారు ద్వితీయార్ధంలో తక్కువ దూరం, తక్కువ వేగంతో పరుగెత్తుతారని స్వీడన్ శాస్త్రవేత్త బెంగ్ట్ సాల్టిన్ 1970లలో వెల్లడించారు. ఆటకు ముందటి రోజు తిన్న అన్నం కూడా చివరి అరగంట వేగాన్ని నిర్ణయిస్తుందన్నమాట.

1962లో జకార్తా ఆసియా క్రీడలు వచ్చాయి. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా మనను 2-0తో ఓడించింది. ఆ తరువాత థాయ్‌లాండ్, జపాన్, దక్షిణ వియత్నాం జట్లను గెలిచి మనం ఫైనల్ చేరాం. సెప్టెంబరు 4న ఎదురుగా నిలిచింది మళ్ళీ దక్షిణ కొరియాయే. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ఫార్వర్డ్‌గా ఆడించారు. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోలు సాధించారు. జట్టులో సికిందరాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం ఉన్నాడు. చివరి నిమిషాల్లో కొరియా ఒక గోలు చేసినా, మనవారు తడబడక 2-1తో స్వర్ణం దక్కించుకున్నారు. రోజుల వ్యవధిలో అదే మనుషుల పరుగు వేగం పెరిగిపోలేదు. మారినది వ్యూహం, నిబ్బరం, చివరిదాకా నిలిచిన ఓపిక.

తరువాతి ఏడాది, 1963 జూన్ 11న, రహీం ఊపిరితిత్తుల క్యాన్సరుతో కన్నుమూశారు. ఆటగాళ్ళ దమ్మును అంత శ్రద్ధగా పెంచిన వ్యక్తి తన శ్వాసను పీల్చివేసే వ్యాధికి 53 ఏళ్ళకే బలికావడం విషాదం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ స్వర్ణం రాలేదు.

ఈ చరిత్రలో తల్లిదండ్రులకు, శిక్షకులకు ఒక సూచన ఉంది. పిల్లవాడు మైదానంలో వెనుకబడితే "నీకు వేగం లేదు" అని తీర్పు చెప్పకండి. మొదటి పరుగులోనే వెనుకబడుతున్నాడా, ఆట సగమయ్యాక వెనుకబడుతున్నాడా గమనించండి. రెండవదైతే నిద్ర, ఆహారం, క్రమమైన సాధన ముందుగా చూడాలి. రక్తహీనతను తప్పక పరీక్షించాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 19 ఏళ్ళ బాలికల్లో 59 శాతం, బాలురలో 31 శాతం రక్తహీనతతో ఉన్నారు. హిమోగ్లోబిన్ తక్కువైతే కండరాలకు ప్రాణవాయువు చాలదు. ఎంత కసిరినా ఆ కాళ్ళు పరుగెత్తవు. ఒక చిన్న రక్తపరీక్ష, వైద్యుని సలహాతో కొన్ని నెలల ఐరన్ మాత్రలు, సరైన తిండి ఆ పిల్లల ఆటను మార్చగలవు. ఆయాసం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం వంటివి కనిపిస్తే మాత్రం ఆట ఆపించి వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.