31కీ 36కీ మధ్య

మలేరియా టీకాల చరిత్ర చదువుతూ రెండు అంకెల దగ్గర ఆగిపోయాను: 31, 36. మొదటి అంకె వచ్చిన టీకాని రెండేళ్ళు తిరక్కుండానే దాదాపు పక్కన పెట్టేశారు. రెండో అంకె వచ్చిన టీకాని పిల్లలకి వెయ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫార్సు చేసింది. ఐదు శాతం తేడాకి ఇంత కథా?

మొదటిది ఎస్‌పీఎఫ్66. తయారుచేసింది కొలంబియా శాస్త్రవేత్త మనువేల్ ఎల్కిన్ పతర్రోయో. అప్పటికి చాలా టీకాలంటే క్రిమిని చంపో, నీరసపరిచో ఒంట్లోకి ఎక్కించడం. మలేరియా పరాన్నజీవితో అది కష్టం. పెంచాలంటే మనిషి రక్తం కావాలి. పైగా దోమ కుట్టినప్పుడు ఒక రూపం, కాలేయంలో ఇంకో రూపం, రక్తకణాల్లోకి దూరేటప్పుడు మరో రూపం. అయితే రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెరిఫీల్డ్ 1963లోనే ఒక దారి చూపించాడు. చిన్న రెసిన్ పూసకి ఒక్కో అమైనో ఆమ్లాన్నీ వరసగా తగిలిస్తూ పోతే, కావల్సిన పెప్టైడ్ తయారవుతుంది. దీనికే 1984లో నోబెల్ వచ్చింది. అదే రాక్‌ఫెల్లర్‌లో కొన్నాళ్ళు పనిచేసిన పతర్రోయో బొగొటా వెళ్ళి, మొత్తం క్రిమి ఎందుకు, దాన్ని గుర్తుపట్టే ముక్కలు చాలు కదా అనుకున్నాడు.

రక్తదశలోని మూడు ప్రొటీన్ల నుంచి మూడు ముక్కలు తీసుకున్నాడు. వాటిని కలపడానికి, దోమ నుంచి వచ్చే రూపం ఒంటిమీద పదే పదే కనిపించే చిన్న వరసని మధ్యలో పెట్టాడు: ఆస్పరజీన్, అలనీన్, ఆస్పరజీన్, ప్రోలీన్. అంతా కలిపి 45 అమైనో ఆమ్లాలు. పూర్తిగా రసాయనమే. మొదట కోతుల మీద, తర్వాత కొద్దిమంది వలంటీర్ల మీద చేసిన పరీక్షలు 1987, 88ల్లో 'నేచర్'లో వచ్చాయి. పేటెంట్‌ని ఆయన ప్రపంచ ఆరోగ్య సంస్థకి ఊరికే ఇచ్చేశాడు. సొంత దేశంలో హీరో అయ్యాడు.

1993లో 'లాన్సెట్'లో ఫలితం వచ్చింది. కొలంబియాలోని లా తోలాలో 1,548 మందిమీద పరీక్షిస్తే 38.8 శాతం రక్షణ. మరుసటేడు టాంజానియాలోని ఇడేటేలో 586 మంది పిల్లల్లో 31 శాతం. ఆఫ్రికాలో కూడా పనిచేస్తోందని సంబరం.

కానీ ఆ 31 పక్కన ఇంకో వివరం ఉంది. కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 0 నుంచి 52. అంటే టీకా సగం జబ్బుని ఆపుతూ ఉండొచ్చు, అసలేమీ చెయ్యకపోనూ వచ్చు. ఆఫీసులో ఏ/బీ టెస్టులు నడిపినవాళ్ళకి ఈ ఇబ్బంది తెలుసు. డాష్‌బోర్డులో ఆకుపచ్చ అంకె కనబడగానే మీటింగులో చప్పట్లు. దాని పక్కనున్న వెడల్పుని ఎవరూ చదవరు.

1995లో గాంబియా పసిపిల్లల్లో రక్షణ 8 శాతానికి పడిపోయింది. 1996లో థాయ్‌లాండ్ సరిహద్దులోని కరెన్ శరణార్థి పిల్లల్లో సున్నా కన్నా కిందకి, మైనస్ 9కి. థాయ్‌లాండ్‌లో వేసింది అమెరికాలో తయారైన మందు, నా మందు కాదు అన్నది పతర్రోయో పక్షం వాదన. 'నా మెషీన్‌లో పనిచేస్తోంది' అని మేమనే మాటే గుర్తొచ్చింది. పేద దేశపు సైన్సంటే చిన్నచూపు అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ చిన్నచూపు లేదని నేననను. కానీ గాంబియా పిల్లలకి జ్వరం ఎందుకొచ్చిందో అది చెప్పదు.

రెండో అంకె ఆర్‌టీఎస్‌,ఎస్‌ది. ఆఫ్రికాలో 11 చోట్ల 15,459 మంది పిల్లలతో పరీక్షించారు. 5 నుంచి 17 నెలల వయసువాళ్ళకి నాలుగు డోసులిస్తే, నాలుగేళ్ళలో 36 శాతం తగ్గుదల. ఇదేం గొప్ప అంకె కాదు. కొలంబియా 38.8 కన్నా తక్కువే. తేడా అల్లా, ఈ 36 చుట్టూ ఉన్న వెడల్పు చిన్నది. మళ్ళీ కొలిచినా అది సున్నాకి జారిపోదన్న ధైర్యం ఉంది. రోజుకి వందలమంది పిల్లలు చనిపోయే జబ్బుకి ఆ ధైర్యం చాలా విలువైనది.

నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటుంది. పతర్రోయో మూడు ముక్కల్ని కలపడానికి వాడిన ఆ నాలుగు అమైనో ఆమ్లాల వరస ఉంది చూశారూ, ఆర్‌టీఎస్‌,ఎస్‌లో అసలు సరుకు దాని పునరావృతాలే. పేరులో మొదటి అక్షరం కూడా వాటిదే. ఆయన జిగురుగా వాడినదాన్నే ఇక్కడ హెపటైటిస్-బీ ప్రొటీన్ మీద ఎక్కించి, బలమైన సహాయక మందు జోడించి, ముందుకి తెచ్చి నిలబెట్టారు.

1897లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో పరాన్నజీవిని చూసింది మన సికింద్రాబాద్‌లో. ఆర్‌టీఎస్‌,ఎస్ ప్రొటీన్ తయారీని పక్కనే హైదరాబాద్‌లో ఉన్న భారత్ బయోటెక్‌కి అప్పగించే ఒప్పందం కుదిరింది 2021లో. పతర్రోయో 2025 జనవరిలో చనిపోయాడు. ఆయన్ని మోసగాడనడం అన్యాయం, మేధావిని తొక్కేశారనడం అబద్ధం. రసాయనాలతో మలేరియా టీకా కట్టొచ్చని మనుషుల దాకా వెళ్ళి పరీక్షించిన మొదటివాళ్ళలో ఒకడు. ఫలితం ఎదురు తిరిగినప్పుడు మాత్రం అంకె మాట వినలేకపోయాడు. ఆ పని మనలో ఎంతమందికి చేతనవునో!