ఇరుసు నుంచి పక్క దాకా: చెక్క ఉయ్యాల నిర్మాణంలో మరుగునపడ్డ కొలత

లాలిపాటల మీద తెలుగులో మంచి పరిశోధన ఉంది. బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యంపై చేసిన కృషి తరవాత జోలలను సేకరించి విశ్లేషించినవారు ఎందరో. ఆ పాటకు తోడుగా ఊగిన ఉయ్యాల మాత్రం పరిశోధకుల కంట అంతగా పడలేదు. పడ్డప్పుడు కూడా దాని మీది చిలకలను, లక్క రంగులను చూశారు. అది ఎక్కణ్నుంచి, ఎంత లోతున వేలాడుతోందో కొలిచినవారు తక్కువ. ఈ వ్యాసం ఆ కొలత గురించే. చెక్క ఉయ్యాల మంచిచెడ్డలను తేల్చేది ముందుగా కట్టె జాతి కాదు, నగిషీ అసలే కాదు. ఉయ్యాల ఏ ఇరుసు మీద ఊగుతుందో ఆ ఇరుసుకూ, బిడ్డ పడుకొన్న పక్కకూ మధ్య ఉన్న ఎడమే తేలుస్తుందని నా వాదన. ఇల్లు మారినకొద్దీ ఆ ఎడం తగ్గిపోయింది. తగ్గినందుకు చేయవలసిన సర్దుబాట్లు నేటి ఉయ్యాలల్లో చాలావాటికి జరగలేదు.

పెంకుటింట్లో, మిద్దెలో ఉయ్యాలకు ఆధారం దూలం. బారసాల నాడో, తెలంగాణలో ఇరవై ఒకటో రోజు తొట్టెల నాడో దూలానికి తాళ్ళో గొలుసులో వేసి ఉయ్యాల కట్టేవారు. పేదింట్లో అది తల్లి పాత చీర. కలిగినింట్లో టేకు తొట్టి. రెండింటికీ పైన పట్టు ఒకటే, ఊగే లోతూ దాదాపు ఒకటే. కాంక్రీటు కప్పులు వచ్చాక కొన్నాళ్ళు ఆ అలవాటు నిలిచింది. స్లాబు వేసేటప్పుడే ఇనుప చువ్వను వంచి కొక్కెంగా వదలమని ఇంటివాళ్ళు మేస్త్రీకి చెప్పి పెట్టేవారు. అపార్టుమెంటు వచ్చేసరికి ఆ కొక్కెం పోయింది. ఉయ్యాల కప్పును వదిలి సొంత కాళ్ళ మీద నిలబడవలసి వచ్చింది. అలా వచ్చిందే స్టాండు ఉయ్యాల. వడ్రంగి పాత తొట్టి రూపాన్ని యథాతథంగా తీసుకొని, రెండు చివర్ల పై అంచుల్లో ఇరుసులు దిగ్గొట్టి, వాటిని స్టాండుకు తగిలించాడు. చూపుకు అదే ఉయ్యాల. ఊగే తీరు మాత్రం పూర్తిగా వేరు.

ఎందుకు వేరో చెప్పడానికి కొద్దిపాటి భౌతికశాస్త్రం చాలు. ఇరుసు మీద వేలాడే ఏ వస్తువైనా దాని గరిమనాభి ఇరుసుకు సరిగ్గా కిందికి వచ్చేదాకా తిరిగి, అక్కడ ఆగుతుంది. బిడ్డ మధ్యలో ఉన్నంతసేపు పక్క సమతలంగా ఉంటుంది. నిద్రలో ఓ పక్కకు జరిగితే మొత్తం గరిమనాభి కొంత జరుగుతుంది, ఉయ్యాల ఆ పక్కకు ఒరిగి నిలుస్తుంది. ఎంత ఒరుగుతుందన్నది ఇరుసు కింద గరిమనాభి ఎంత లోతున ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఉదాహరణకు తొట్టి బరువు 8 కిలోలు, బిడ్డ బరువు 5 కిలోలు అనుకొందాం. బిడ్డ మధ్య నుంచి 8 సెంటీమీటర్లు పక్కకు జరిగితే ఉమ్మడి గరిమనాభి 3 సెంటీమీటర్లకు కాస్త పైగా జరుగుతుంది. గొలుసులన్నీ ఒకే కొక్కేనికి చేరి, లోతు 150 సెంటీమీటర్లు ఉంటే ఒరిగేది సుమారు 1 డిగ్రీ, కంటికి ఆనదు. ఇరుసు పై అంచులోనే ఉండి లోతు 17 సెంటీమీటర్లకు పడిపోతే ఒరుగు 10 డిగ్రీలు దాటుతుంది. చివరి నిలువు చెక్కలను పైకి పెంచి లోతును 45 సెంటీమీటర్లు చేస్తే అది 4 డిగ్రీల దగ్గర ఆగుతుంది.

ఈ డిగ్రీల గొడవ ఎందుకంటే, అది ప్రాణానికి సంబంధించిన సంగతి. పక్క ఒరిగితే బిడ్డ పల్లం వైపు జారుతుంది, ముఖం పక్క చెక్కకో గుడ్డకో ఆనుకొంటుంది. మెడ ఇంకా నిలవని పసికందు అక్కణ్నుంచి తనంతట తాను తిరగలేదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022 మార్గదర్శకాలు పసిబిడ్డను వెల్లకిలా, సమతలంగా, గట్టి పక్క మీద పడుకోబెట్టాలని చెబుతాయి. అదే ఏడు అమెరికా చట్టం 10 డిగ్రీలకు మించి వాలుగా ఉన్న నిద్ర సాధనాల అమ్మకాన్ని నిషేధించింది. అక్కడి ఉయ్యాలల ప్రమాణం ఇంకా కచ్చితమైనది: ఊపు ఆగి నిలిచినప్పుడు ఒరుగు 7 డిగ్రీలు దాటకూడదు. పైన వేసిన లెక్కను దీనితో పోల్చి చూస్తే, పై అంచులో ఇరుసు వేసిన తొట్టి బిడ్డ ఓ పక్కకు జరగగానే ఆ హద్దు దాటుతోంది. దూలానికి వేలాడిన తొట్టికి ఈ సమస్యే లేదు. పాతదంతా మంచిదని ఇక్కడ నా ఉద్దేశం కాదు. చీర ఉయ్యాలలో పక్క విల్లులా వంగి బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుతుంది. కాస్త పెద్ద పిల్లలకు ఆ చీరే మెడకు చుట్టుకొన్న ప్రమాదాలు వైద్య పత్రికలకెక్కాయి. చెక్క అడుగు ఉన్న తొట్టి ఆ దోషాన్ని సవరించింది. దూలం ఇచ్చిన లోతు, చెక్క ఇచ్చిన సమతలం రెండూ కలిసినచోట మన ఉయ్యాల ఒక మంచి రూపానికి చేరింది. స్టాండు ఆ రెంటిలో ఒకదాన్ని పోగొట్టింది.

ఊపు వేగం కూడా లోతుతోపాటే మారుతుంది. లోలకం ఎంత పొడవైతే అంత నిదానంగా ఊగుతుంది. 150 సెంటీమీటర్ల లోతున ఒక పూర్తి ఊపుకు దాదాపు రెండున్నర సెకన్లు పడితే, 17 సెంటీమీటర్ల దగ్గర అది ఒక సెకను చుట్టూ ఉంటుంది. జోలపాటకు ఏ ఊపు సరిపోతుందో పాడేవాళ్ళకు చెప్పక్కర్లేదు. 2011లో జెనీవా పరిశోధకులు పెద్దవాళ్ళను నాలుగు సెకన్లకు ఒకసారి ఊగే మంచం మీద పడుకోబెట్టి చూస్తే, కదలని మంచం మీదకన్నా త్వరగా నిద్రపట్టింది. అది పెద్దల మీద చేసిన పరీక్ష, పిల్లలకు నేరుగా అన్వయించకూడదు. పిల్లల విషయంలో జపాన్‌లోని రికెన్ సంస్థ బృందం 2022లో ప్రచురించిన అధ్యయనం ఉంది. ఏడ్చే బిడ్డ తల్లి ఎత్తుకొని నడిచినప్పుడూ, ఊగే తొట్టిలోనూ ఊరట పొందిందనీ, ఎత్తుకొని ఊరికే కూర్చుంటేనో కదలని తొట్టిలో పడుకోబెడితేనో అది కనబడలేదనీ వాళ్ళు గమనించారు.

ఇక చేతిపని. స్టాండు ఉయ్యాల చేయక తప్పనప్పుడు మొదటి నిర్ణయం ఇరుసు ఎత్తు. తొట్టి 90 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు అనుకొంటే, రెండు చివరల మధ్యనుంచి లేచే నిలువు చెక్కలను పక్కకు పైన 50 సెంటీమీటర్ల దాకా తీసుకుపోవాలి. నిలువు చెక్కలో కట్టె నార పైకి పోతుంది. బెజ్జం దాని పై కొసకు మరీ దగ్గరగా పడితే, తొట్టి బరువుకు ఇరుసు పైనున్న కట్టె నార వెంట చీలి ఊడివస్తుంది. 12 మిల్లీమీటర్ల ఇరుసుకు పైన కనీసం 8 సెంటీమీటర్ల చేవ కట్టె మిగలాలి. బెజ్జంలో ఇత్తడి గొట్టం ముక్క దిగ్గొడితే అరుగుదల తగ్గుతుంది, కిర్రుమనే చప్పుడూ రాదు. ఇరుసుకు రెండు వైపులా బిళ్ళ వేసి, చివర మర బిగించి, ఆ మరను మళ్ళీ చీలతో కట్టివేయాలి. ఊగే వస్తువుకు బిగించిన మర దానంతట అది వదులవుతుంది. ఈ చీల మరిచినవాడి పనితనం ఎంత గొప్పదైనా ఆ ఉయ్యాలలో బిడ్డను వేయకూడదు.

తొట్టి చట్రానికి కుసి, బెజ్జం కీళ్ళే సరైనవి. మేకులు ఊపుకు వదులవుతాయి, వదులైన మేకు తల పైకి తేలుతుంది. కట్టె బాగా ఆరి ఉండాలి. ఆరని కట్టె పొడవులో మారకపోయినా అడ్డంగా ముడుచుకొంటుంది, కుసి బెజ్జంలో కదలడం మొదలవుతుంది. అడుగు పలకలను అందుకే అంటించి బిగించరు; పలకకూ పలకకూ నడుమ వేలు పట్టనంత సందు వదిలి, రెండు చివరలా గాడిలో కూర్చోబెడతారు. ఆ సందుల్లోంచే గాలి ఆడుతుంది. మన ఎండాకాలంలో అది చిన్న సంగతి కాదు.

పక్కల చువ్వల దగ్గర ఇంకో ప్రమాదం దాగి ఉంది, దీన్ని వివరంగా చెప్పాలి. ఏటికొప్పాకలో వరాహ నది ఒడ్డున లక్క పనివాళ్ళు వాడే అంకుడు కర్ర మెత్తగా, తెల్లగా ఉంటుంది. లేత్ మీద చక్కగా తిరుగుతుంది. తిరిగే కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే అది కరిగి పట్టుకొంటుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పనితనంతో ఉయ్యాల చువ్వలు చేయించుకోవడం ఎంతో బాగుంటుంది. మాను సన్నం కాబట్టి చట్రానికి టేకు, చువ్వలకు అంకుడు అని పంచుకోవడం సబబు. అయితే లేత్ చువ్వ ఒకే లావున ఉండదు. పొట్ట దగ్గర 30 మిల్లీమీటర్లు, గొంతు దగ్గర 15 మిల్లీమీటర్లు ఉంటే, పొట్టల మధ్య 50 మిల్లీమీటర్ల ఎడం పెట్టిన చోట గొంతుల మధ్య 65 అవుతుంది. అమెరికాలో 1970ల నుంచి పిల్లల మంచాల చువ్వల మధ్య ఎడం సుమారు 60 మిల్లీమీటర్లు దాటకూడదన్న నియమం ఉంది. అంతకు మించితే బిడ్డ ఒళ్ళు దూరిపోయి తల ఇరుక్కొంటుంది. కొలబద్దను పొట్ట దగ్గర పెట్టి తృప్తిపడితే చువ్వ అందమే ప్రమాదం తెస్తుంది. గొంతు దగ్గర కొలిచి, దాన్నిబట్టి పొట్టలను దగ్గరగా జరపాలి.

తాతల నాటి ఉయ్యాలలను మళ్ళీ వాడాలనుకొనేవారు రంగు విషయం పట్టించుకోవాలి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమావళి 2016లో వచ్చి, 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఎనామిల్ వేసిన తొట్టి అంచును పళ్ళొచ్చే బిడ్డ కొరికితే సీసం నేరుగా కడుపులోకి పోతుంది. దాన్ని పొడిగా ఉప్పుకాగితంతో గీకడం ఇంకా చెడ్డపని. ఆ ధూళి ఇల్లంతా పరుచుకొంటుంది. తడిపి గీకి, గర్భిణులను, పిల్లలను దూరంగా ఉంచి చేయవలసిన పని అది.

కట్టిన తరవాత పరీక్షించడం మిగిలింది. మహారాష్ట్ర ఇళ్ళల్లో బారసాల నాడు బిడ్డకన్నా ముందు నూరుడు పొత్రాన్ని తొట్టిలో పడుకోబెట్టి ఊపుతారు. ఆ ఆచారానికి అర్థాలు వేరే ఉండవచ్చు, కానీ బిడ్డ బరువుకు దగ్గరగా ఉన్న రాయిని ముందు ఊపి చూడటం వడ్రంగి దృష్టిలో తెలివైన పని. నేనైతే దానికి ఇంకో మెట్టు కలుపుతాను. బిడ్డ బరువుకు మూడింతల ఇసుక మూటను మధ్యలో పెట్టి ఒక రాత్రి వదలాలి, కీళ్ళు చూడాలి. తరవాత 5 కిలోల మూటను ఒక పక్కకు జరిపి, పక్క మీద కోణమాపకం పెట్టి ఒరుగు కొలవాలి. 7 డిగ్రీలు దాటితే ఇరుసు ఎత్తు చాలలేదన్నమాట. నిలువు చెక్కలు కొత్తవి వేయడమే దారి. అడుగున ఇనుప బద్ద బిగించి బరువు కిందికి దించితే కొంత సర్దుకొంటుంది గానీ ఉయ్యాల మొరటవుతుంది.

ఊపనప్పుడు తొట్టిని స్టాండుకు కట్టివేసే చీల ప్రతి స్టాండు ఉయ్యాలకూ ఉండాలి. బిడ్డ నిద్రపోయాక ఆ చీల వేస్తే, ఎటు జరిగినా పక్క ఒరగదు. ఇంతటి సులువైన ఏర్పాటు బజారు ఉయ్యాలల్లో చాలావాటికి లేదు. ఉన్నవాటికీ ఎందుకుందో కొన్నవాళ్ళకు ఎవరూ చెప్పరు. బిడ్డ చేతుల మీద లేవడం మొదలుపెట్టిన రోజున, అంటే దాదాపు అయిదో నెలలో, ఉయ్యాల పని ముగిసినట్టే. అప్పటికి గరిమనాభి పైకి లేస్తుంది, పైన వేసిన లెక్కలేవీ ఇక వర్తించవు.