నత్తిని కొలిచే కొలబద్ద

1841లో బెర్లిన్ శస్త్రవైద్యుడు యోహాన్ డీఫెన్‌బాఖ్ నత్తి ఉన్నవారి నాలుక మొదట్లో అడ్డంగా కోసి, కొంత కండ తొలగించసాగాడు. మత్తుమందు ఇంకా వాడుకలోకి రాని కాలమది. అంతకుముందు ఆయన కంటి కండరాన్ని కోసి మెల్లకన్ను సరిచేశాడు. మెల్లకు పనికొచ్చిన కత్తి నత్తికీ పనికొస్తుందని తర్కించాడు. ఈ చికిత్స ఫ్రాన్స్‌కూ ఇంగ్లండ్‌కూ పాకి, త్వరలోనే మూలపడింది. తడబడని మాటే మాట అన్న నమ్మకం మాత్రం మిగిలింది.

కత్తి లేకుండానే నోరు మూయించవచ్చని అయోవా విశ్వవిద్యాలయంలో తేలింది. అక్కడి ఆచార్యుడు వెండెల్ జాన్సన్‌కు స్వయానా నత్తి. పసివాళ్ళ సహజమైన తడబాటుకు పెద్దలు ‘నత్తి’ అని పేరు పెట్టడంవల్లే అది ముదురుతుందని ఆయన వాదం. 1939లో ఆయన పర్యవేక్షణలో మేరీ ట్యూడర్ అనే విద్యార్థిని డావెన్‌పోర్ట్ అనాథాశ్రమంలో 22 మంది పిల్లలపై ప్రయోగం జరిపింది. మామూలుగా మాట్లాడే ఆరుగురికి, మీకు నత్తి మొదలైంది, సరిగా పలకలేకపోతే నోరే విప్పవద్దు అని నూరిపోశారు. వాళ్ళకు నత్తి పట్టుకుందనడానికి ఆధారాలు లేవు. వాళ్ళు మాట్లాడటమే తగ్గించేశారు. 2001లో సంగతి పత్రికలకెక్కాక విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. 2007లో రాష్ట్రం 9,25,000 డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది.

అదే అయోవాలో చదివిన చార్ల్స్ వాన్ రైపర్‌కూ నత్తే. దాన్ని దాచేందుకు పడే పాట్లే పెద్ద బరువని గ్రహించి, పెనుగులాట లేకుండా, బాహాటంగా నత్తితోనే మాట్లాడటం నేర్పాడు. 2019లో వెలువడిన ‘స్టామరింగ్ ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ సంకలనం మరో అడుగు వేసి, లోపాన్ని వినేవారి అసహనంలోనూ వెతికింది. నాకది సబబే అనిపిస్తుంది. అయితే చికిత్స కోరి వచ్చినవాణ్ణి ‘నువ్విలాగే బాగున్నావు’ అని పంపేయడం కూడా అతని తరఫున మనం తీర్పు చెప్పడమే.

నూరు అక్షరాలకు ఎన్నిచోట్ల ఆగాడన్నది నేటికీ క్లినిక్కుల్లో ఒక ముఖ్యమైన కొలత. వైద్య కళాశాలలో నా సహాధ్యాయి ఒకడు ఆ లెక్కకు అందేవాడు కాడు. వైవాలో, స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పికి మొదట ఇవ్వాల్సిన మందేదని అడిగారు. ‘పెన్సిలిన్’ అని అతనికి తెలుసు. ‘ప’ దగ్గర మాట పెగలదనీ తెలుసు. తడుముకోకుండా ‘ఎరిత్రోమైసిన్’ అన్నాడు. తప్పన్నారు. ఆ జవాబులో నత్తి సున్నా.

ఈమధ్య ఫోనులో ఆ సంగతి తనే ఎత్తాడు. ‘పెన్సిలిన్’ అనడానికి చాలాసేపు పట్టింది. మాట అందించబోయి, ఆగాను.