ఏ గుడ్డు ఏ చేపది?

ఈసారి రాజులనూ కోటలనూ పక్కన పెట్టి సముద్రపు చేపగుడ్ల చరిత్ర రాస్తున్నాను.

మన ఆనేకల్ వైపు కన్నడంలో బంగుడె అనే చేపను నేను చదువుకున్న తమిళంలో కానాంగెళుత్తి అంటారు. తెలుగులో కానగుర్త. లోకమంతా శాస్త్రవేత్తలు దాన్ని మన పేరుతోనే పిలుస్తారు: రాస్ట్రెల్లిగర్ కానగుర్త. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ డాక్టరు విశాఖపట్నంలో ఉన్నప్పుడు 200 చేపలకు బొమ్మలు వేయించి, అక్కడి పేర్లతో సహా 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. దాన్ని బట్టే ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే ఆ పేరు ఖాయం చేశాడు.

చేపకు పేరు దొరికింది. గుడ్డు సంగతి వేరు. 1860ల్లో నార్వేలో జి.ఓ. సార్స్ కాడ్ చేప గుడ్లు నీళ్ళలో తేలుతూ ఉంటాయని కనిపెట్టాడు. అప్పటినుంచి సన్నని వలతో గుడ్లు పట్టి లెక్కపెట్టడం మొదలైంది. చిక్కు అక్కడే వచ్చింది. చాలా గుడ్లు మిల్లీమీటరుకు అటూ ఇటూ, గాజుపూసల్లా ఉంటాయి. పార్సిల్ ఆఫీసులో లేబుళ్ళు ఊడిపోయిన బుట్టలు పది ఒకే తీరుగా ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

మన దగ్గర 1920ల్లో మద్రాసు ఫిషరీస్ శాఖలో జేమ్స్ హార్నెల్, ఎం. రామస్వామి నాయుడు గార్లు మలబారు తీరంలో కవళ్ళ జీవితచరిత్ర రాశారు. తమిళంలో దీన్నే మత్తి అంటాం. 1960ల మొదట్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి గారి బృందం వాల్తేరు తీరంలో పాముచేపల గుడ్లను పరిశీలించింది.

గుర్తులు ఇవి: గుడ్డు సైజు, లోపల నూనెబొట్లు ఎన్ని, పచ్చసొన నున్నగా ఉందా, గళ్ళుగా విడిపోయి ఉందా. కవళ్ళ గుడ్డులో పెంకుకూ సొనకూ మధ్య ఖాళీ ఎక్కువ. నెత్తళ్ళలో కొన్నిటి గుడ్లు కోలగా ఉంటాయి. కుటుంబం వరకు ఇది చాలు. ఒకే కుటుంబంలోని అక్కచెల్లెళ్ళ దగ్గరికి వచ్చేసరికి కొలతలు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఫార్మాలిన్‌లో వేస్తే రంగుచుక్కలూ వెలిసిపోతాయి. పిల్ల అయ్యేదాకా పెంచి చూడాలి, లేదా తల్లీతండ్రీ తెలిసిన చేపల గుడ్లను పొదిగించి పోల్చాలి.

తప్పితే ఏమవుతుంది? గుడ్ల లెక్కనుబట్టే సముద్రంలో తల్లిచేపలు ఎన్ని ఉన్నాయో అంచనా వేస్తారు. ఐర్లండు, ఇంగ్లండు మధ్య సముద్రంలో కంటితో చూసి కాడ్ గుడ్లని రాసుకున్నవాటిని డీఎన్ఏ పరీక్షకు పెడితే, చాలా గుడ్లు దాని చుట్టాలైన వైటింగ్, హాడాక్ చేపలవని 2005లో తేలింది. అప్పటికే కాడ్ తగ్గిపోతోంది. కాగితం మీద మాత్రం ఉన్నదానికంటే ఎక్కువ కనబడింది.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని జాలరి కుటుంబాలు ఆ రెండు నెలల సంపాదన వదులుకుంటాయి. ఏ చేప ఎప్పుడు పెడుతుందో సరిగ్గా తెలియాలంటే గుడ్డును సరిగ్గా గుర్తుపట్టాలి. ఆ పూసంత గుడ్డు మీద అంత భారం ఉంది.

తీరంలో చుట్టాలున్నవాళ్ళు మీ వైపు చేపల పేర్లు కింద రాయండి. రస్సెల్ దొర కూడా అలా అడిగే తెలుసుకున్నాడు.