పురిటి హాని - పరిహారము

కాన్పువేళ శిశువునకు హాని కలిగినచో దానిని నుదుటి వ్రాత యని చెప్పి యూరకుండుట మన పల్లెలలో చిరకాలముగా వచ్చుచున్న యాచారము. ఊపిరి యాడక మెదడు చెడిన బిడ్డకును, భుజపు నరములు తెగి చేయి పడిపోయిన బిడ్డకును తల్లి యొడియే జీవితాంతము దిక్కగుచున్నది. ఇట్టి హానులలో కొన్ని యెవరును తప్పింపజాలనివి. కొన్ని చికిత్సకుల యజాగ్రత్తవలన కలిగినవి. ఈ రెండింటిని వేఱుపఱచి, రెండవదానికి మూల్యము చెల్లింపజేయు పద్ధతి మన దేశమున మిక్కిలి యాలస్యముగా నేర్పడినది.

వజ్రపుకొత్తూరు, టెక్కలి ప్రాంతములు 1936వ సంవత్సరము వరకు చెన్నపురి రాజధానిలోని గంజాము మండలమున చేరియుండెను. ఆ రాజధానికి ముఖ్యపట్టణమైన చెన్నపట్టణమున 1844లో ప్రభుత్వ ప్రసూతి వైద్యశాల వెలసి, పిమ్మట ఎగ్మూరునకు చేరెను. 1885లో డఫరిన్ ప్రభ్వి పేర స్త్రీవైద్య సహాయనిధియు, 1903లో మంత్రసానులకు శిక్షణ నిచ్చుటకై విక్టోరియా స్మారకనిధియు నేర్పడెను. ఇవి యన్నియు మేలైన కార్యములే. కాని వీనిని జనులు దానధర్మములుగా నెంచిరి. దానము పుచ్చుకొన్నవారు దాతను లెక్క యడుగుట యెట్లు? ఆసుపత్రిలో బిడ్డకు కీడు మూడినను పేదతల్లి చేతులు జోడించి యింటికి మరలుచుండెను.

ఈ భావమును కదల్చినది 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము. వైద్యము దాని క్రిందికి వచ్చునా యను వివాదమును సుప్రీముకోర్టు 1995 నవంబరు 13వ తేదీన తీర్చెను. రుసుము పుచ్చుకొని చేయు వైద్యము సేవయే యనియు, కొందఱివద్ద రుసుము గైకొను వైద్యశాలలో ఉచితముగా చికిత్స పొందినవారికిని ఆ హక్కు కలదనియు చెప్పెను. అందఱికిని ఉచితముగా వైద్యము చేయు ఆసుపత్రులను మాత్రము చట్టము వెలుపల నుంచెను. 1998లో మఱియొక తీర్పున, హాని పొందిన బిడ్డకు 12 లక్షల 50 వేల రూపాయలును, తల్లిదండ్రుల మనోవేదనకు వేఱుగా 5 లక్షలును ఇప్పించెను. ఫలితము చెడినంతమాత్రమున వైద్యుడు దోషి కాడని 2005లో స్పష్టపఱచెను. ఇదియు న్యాయమే, భయపడిన వైద్యుడు కష్టమైన కాన్పునకు పూనుకొనడు.

1844 నాటి యా ఎగ్మూరు వైద్యశాలయే తుదకు న్యాయస్థానమున సమాధానము చెప్పుకొనవలసివచ్చెను. 1996లో అచట నెలలు నిండక పుట్టిన యొక యాడుశిశువునకు ప్రాణవాయువు నిచ్చి బ్రతికించిరి. అట్టి శిశువుల కన్నులకు కలుగు ప్రమాదమును గూర్చి తల్లిదండ్రులకు చెప్పరైరి. సకాలమున కన్నులు పరీక్షింపరైరి. బిడ్డ చూపు పోయెను. జాతీయ వినియోగదారుల కమిషను 2009లో 5 లక్షలు చాలుననెను. సుప్రీముకోర్టు 2015 జూలై 1వ తేదీన భవిష్యద్వైద్యమునకు 1 కోటి 38 లక్షలును, గతవ్యయమునకు 42 లక్షలకు పైగాను నిర్ణయించెను. ధరలు పెరుగుననియు, బిడ్డ జీవితకాలమంతయు ఖర్చు సాగుననియు లెక్క గట్టుటయే యీ భేదమునకు కారణము. కాని యా తీర్పు వచ్చునప్పటికి బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండెను.

ఉద్దానపు తల్లి యీ చరిత్రమునుండి గ్రహింపవలసినదేమి? రుసుము చెల్లించి కాన్పు చేయించుకొన్నవారు శ్రీకాకుళమునందలి జిల్లా కమిషనునకు రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించినది 5 లక్షలకు మించనిచో ఫిర్యాదు రుసుము లేదు. పూర్తిగా ఉచితమైన ఆసుపత్రిలో పురుడు పోసుకొన్నవారికి సివిలు న్యాయస్థానము కలదు. అచట మైనరుబిడ్డ పక్షమున గడువు పదునెనిమిదేండ్లు నిండినపిదపనే లెక్కకు వచ్చును. 1987 నాటి చట్టమును బట్టి స్త్రీలకును పిల్లలకును, ఆదాయముతో నిమిత్తము లేక, న్యాయవాది సహాయము ఉచితముగా లభించును. అన్నింటికంటె ముఖ్యమైనది కేసు కాగితము. నొప్పు లెప్పుడు మొదలైనవో, శిశువు గుండె యెట్లు కొట్టుకొన్నదో, వైద్యు డెప్పుడు వచ్చెనో దానియందే యుండును. 2002 నాటి నియమములను బట్టి, కోరిన 72 గంటలలో వైద్యుడు దాని నీయవలెను.

అడుగవలెనని తెలిసినవారే అడుగుదురు. కావున సంస్కర్త లెవరైన నుండిన, అడుగకుండగనే ప్రతి తల్లిచేతను బిడ్డతోపాటు ఆ కాగితమును పెట్టి పంపు నేర్పాటునకై పాటుపడవలెను. సర్కారు ఆసుపత్రికి పోయిన పేదరాలిని వేఱొక సుదీర్ఘమైన దారికి త్రోయు భేదమును గూడ తొలగింపజూడవలెను. పరిహారము జాలిపడి యిచ్చునది కాదు; బిడ్డకు తీర్పవలసిన యప్పు.