పాంక్రియాస్‌లో నీటి తిత్తి: స్కాన్‌లో కనిపిస్తే క్యాన్సరేనా? ఉద్దానం వాసులకు మరో జాగ్రత్త కూడా!

ఉద్దానం ఊళ్లలో స్కానింగ్ కొత్త మాటేం కాదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు భయంతో పొట్ట స్కాన్ చేయించుకునేవాళ్లు చాలామందే. అలా ఒకదాని కోసం వెళితే రిపోర్టులో ‘పాంక్రియాటిక్ సిస్ట్’ అని మరో మాట కనిపించొచ్చు. వెంటనే ఇంటిల్లిపాదీ కంగారు పడిపోతారు. నిజానికి వీటిలో ఎక్కువ శాతం క్యాన్సర్‌గా మారవు. అలాగని అన్నిటినీ వదిలేయడానికీ లేదు.

ఏది ప్రమాదం?

పాంక్రియాస్ అంటే క్లోమం. జీర్ణాశయం వెనుక ఉండి జీర్ణరసాలు, ఇన్సులిన్ తయారు చేస్తుంది. మద్యం వల్లో, పిత్తాశయంలో రాళ్ల వల్లో క్లోమం వాచిన తర్వాత ఏర్పడేది సూడోసిస్ట్. ఇది క్యాన్సర్ కాదు. పల్చటి నీరు ఉండే సీరస్ సిస్ట్ కూడా దాదాపు ప్రమాదం లేనిదే.

జిగురు ద్రవం ఉండే మ్యూసినస్ రకాలతోనే జాగ్రత్త. వీటిలో ఎంసీఎన్ ఎక్కువగా నడివయసు మహిళల్లో కనిపిస్తుంది. ఐపీఎంఎన్ క్లోమం నాళాల్లో పుడుతుంది. ప్రధాన నాళంలో వస్తే రిస్క్ ఎక్కువ, పక్క నాళాల్లో అయితే తక్కువ.

ఎలా తేలుస్తారు?

మామూలు అల్ట్రాసౌండ్‌తో రకం తేలదు. సీటీ లేదా ఎంఆర్‌సీపీ స్కాన్ రాస్తారు. అనుమానం ఉంటే ఈయూఎస్ చేస్తారు. నోటి ద్వారా గొట్టం పంపి, దగ్గర నుంచి స్కాన్ చేసి, సూదితో ద్రవం తీస్తారు. అందులో సీఈఏ 192 దాటితే మ్యూసినస్ రకం కావొచ్చని అర్థం. అంతేగానీ క్యాన్సర్ వచ్చేసిందని కాదు.

ఉద్దానం వాసులూ.. ఇది మర్చిపోవద్దు!

కిడ్నీ సమస్య ఉంటే స్కాన్‌కి ముందే డాక్టర్‌కి చెప్పాలి. క్రియాటినిన్ రిపోర్టు చూపించాలి. సీటీలో ఎక్కించే కాంట్రాస్ట్ మందు దెబ్బతిన్న కిడ్నీలకు ఇబ్బంది కావొచ్చు. ఎంఆర్‌సీపీని కాంట్రాస్ట్ లేకుండా కూడా తీయొచ్చు.

ఎన్నాళ్లకోసారి చూపించుకోవాలి?

ఐపీఎంఎన్‌పై 2024లో వచ్చిన క్యోటో అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, ప్రమాద సంకేతాలు లేని పక్క నాళం తిత్తులకు లెక్క ఇదీ:

* 2 సెం.మీ. లోపు: 6 నెలలకోసారి చూసి, మార్పు లేకపోతే ఆపై 18 నెలలకోసారి
* 2 నుంచి 3 సెం.మీ.: 6 నెలల చొప్పున రెండుసార్లు, తర్వాత ఏడాదికోసారి
* 3 సెం.మీ. అంతకు మించితే: 6 నెలలకోసారి

పాత స్కాన్ సీడీ, రిపోర్టు పారేయొద్దు. తిత్తి పెరిగిందో లేదో తేలేది వాటితో పోల్చినప్పుడే.

ఈ లక్షణాలుంటే ఆగొద్దు

క్లోమం తల భాగంలో తిత్తి ఉండి పచ్చకామెర్లు రావడం, తిత్తి లోపల 5 మి.మీ. అంతకు మించిన గడ్డ, ప్రధాన నాళం 10 మి.మీ. లేదా అంతకు మించి వెడల్పవడం.. ఇవి సర్జరీ గురించి వెంటనే ఆలోచించాల్సిన సంకేతాలు. హఠాత్తుగా షుగర్ రావడం, కారణం లేకుండా బరువు తగ్గడం కూడా డాక్టర్‌కి చెప్పాలి. కామెర్లనగానే పసరు మందు కోసం తిరిగితే విలువైన వారాలు పోతాయి.

ఎక్కడికి వెళ్లాలి?

ముందు శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చూపించుకోవచ్చు. పెద్ద వైద్యానికి విశాఖలో కేజీహెచ్, విమ్స్, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఇచ్ఛాపురం వైపు వాళ్లకు బరంపురం దగ్గర. ఈయూఎస్ అన్ని చోట్లా ఉండదు. ఫోన్‌లో కనుక్కుని బయల్దేరితే ఛార్జీలు, కూలీ రోజు మిగులుతాయి.

క్లోమం ఆపరేషన్ పెద్దది. తర్వాత షుగర్ వచ్చే అవకాశమూ ఉంది. అందుకే అవసరం లేని తిత్తిని కోయించుకోవడమూ తప్పే, అవసరమైనదాన్ని వాయిదా వేయడమూ తప్పే. ఇలాంటి సర్జరీలు తరచూ చేసే చోట రెండో అభిప్రాయం తీసుకుంటే మంచిది.

(గమనిక: ఈ సమాచారం అవగాహన కోసం మాత్రమే. చికిత్స విషయంలో మీ డాక్టర్ సలహానే పాటించండి.)